బేస్‌మెంట్‌లో ఆగిన చక్రం

1 అక్టోబర్ 1988, శనివారం

వాకిట్లో పారేసిన వస్తువు కోసం కారు ఆపుతావు కదా, పారేసిన మనిషి కోసం ఎప్పుడైనా ఆపావా?

రేపు చర్చిలో నా ప్రసంగం ఈ ప్రశ్నతోనే మొదలుపెడతాను. ముందు నన్ను నేనే ప్రశ్నించుకున్నాను, ఎందుకంటే ఈ రోజు పొద్దున్న రావే అనే పక్క ఊళ్లో కారు ఆపించింది నేనే.

యార్డ్ సేల్, ఇంటి ముందు పాత సామాను అమ్మకం. మిసెస్ నోవాక్ అనే పెద్దావిడ డ్రైవ్‌వే నిండా సామాను పరిచింది. ఒక మూల ఇనుప కాళ్ల బల్ల, దాని మీద పూలకుండీలు. కుండీల నీళ్లు కారి కాళ్లన్నీ తుప్పు. కుండీలు జరిపి చెక్క మూత ఎత్తాను. లోపల నల్లటి కుట్టుమిషను తలకిందులుగా వేలాడుతోంది, పగటిపూట గబ్బిలంలా. కాలితో తొక్కే మిషను! అందులో మిషను ఉందని కూడా ఆవిడ మరిచిపోయిందట. వాళ్లమ్మ దాని మీదే పిల్లలందరికీ బట్టలు కుట్టేదని చెప్పి, కాసేపు ఆ చక్రం మీద చెయ్యి వేసి నిలబడింది.

ఏసుపాదం స్టేషన్ వాగన్ వెనక తలుపు తీస్తూ సణిగాడు. ఇప్పటికే మిషన్లు గరాజ్‌లో, కారు బయట పడుకుంటున్నాయి, ఇక నన్ను కూడా బయటే పడుకోమంటావా అన్నాడు. నోరు తుప్పు పట్టకపోతే లోపలే పడుకోవచ్చు అన్నాను. ఇరవై ఏళ్లుగా నా మొగుడు, నవ్వాడు, ఎత్తాడు.

ఈ పని నాకెవరూ నేర్పలేదు. హాస్పిటల్ లినెన్ రూమ్‌లో చిరిగిన గౌన్లు కుడతాను. అక్కడ పాడైన మిషనును విప్పి, మళ్లీ బిగించి నేర్చుకున్నాను. బైబిల్ వాక్యం కూడా అంతే. నన్ను ఏ సెమినరీకీ ఎవరూ పంపలేదు. విప్పి చూశాను, బిగించి చూశాను.

ఈ దేశానికి కొత్తగా వచ్చిన మన ఆడవాళ్లకు బాగుచేసిన మిషను ఇస్తుంటాను. బైబిల్లో దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు ఆమె కుట్టిన అంగీలు పట్టుకుని ఏడ్చారు. ఏ ప్రసంగీకుడు పోయినప్పుడైనా ఎవరైనా అతని ప్రసంగాలు పట్టుకుని ఏడ్చారా? నేను ప్రసంగీకురాలినే. అందుకే అడుగుతున్నాను.

ఈ మిషను నవోమికి. నర్సాపురం పిల్ల. భర్త హ్యూస్టన్‌లో. అతను చెయ్యి చేసుకుంటుంటే తట్టుకోలేక వచ్చేసి, చిన్నాన్న కూతురు శాంతి ఇంట్లో ఉంటోంది. శాంతి భర్త జోసఫ్ గారు మా సంఘ పెద్ద. ఆ ఇంట్లో నవోమి వంట చేస్తుంది, పిల్లల్ని చూస్తుంది. చుట్టం కనుక జీతం మాట ఎవరూ ఎత్తరు. ఓక్‌ట్రీ రోడ్డులో కొత్తగా చీరల షాపు పెట్టిన హంసా బెన్ జాకెట్లు కుట్టే మనిషి కోసం వెతుకుతోంది. మిషను సొంతది తెచ్చుకోవాలి, కుట్టు నచ్చితే ఏడాది పొడుగునా పని, షాపు మీద గది. నవోమి తన కాళ్ల మీద తను నిలబడడానికి దొరికిన దారి అదొక్కటే. కరెంటు మిషను మాత్రం ఆమెకు పడదు. అది నా మాట వినదు కరుణక్కా, గుర్రంలా లాక్కుపోతుంది అంటుంది.

2 అక్టోబర్

ప్రశ్న అడిగాను. జోసఫ్ గారు నేల చూశారు. మిగతావాళ్లు గడియారం చూశారు.

8 అక్టోబర్, శనివారం

పొద్దుటి నుంచీ గరాజ్‌లోనే. బాబిన్ కింద దూది ముద్దలు, ఎవరో తల్లి వాడిన ఎర్రదారం ముక్క, ఒక గుండుసూది. పాత నూనె బంకలా ఎండిపోయింది. కిరసనాయిలు, పాత టూత్‌బ్రష్. ప్రతి కన్నంలోనూ కిరసనాయిలు పోసి, నానబెట్టి, చక్రాన్ని కొద్దికొద్దిగా కదిపాను. ముందు వెంట్రుకవాసి కదిలింది. తరవాత పావు చుట్టు. మధ్యాహ్నానికి ఒక చుట్టు పూర్తయింది. స్తోత్రం అని అరిస్తే పక్కింటి కుక్క మొరిగింది.

కడిగి ఆరబెట్టాక మిషను నూనె, కన్నానికి ఒక చుక్క. ఎక్కువ పోస్తే ఎక్కువ బాగా తిరుగుతుందనుకునేవాళ్లు ఎక్కువసేపు ప్రార్థిస్తే దేవుడికి ఎక్కువ వినిపిస్తుందనుకునేవాళ్ల లాంటివాళ్లు.

15 అక్టోబర్

తోలు బెల్ట్ కోసి, కొక్కెం వేసి బిగించాను. నవోమి వచ్చింది. బూట్లు విప్పింది, మేజోళ్లు కూడా విప్పింది. చెప్పులతో తొక్కితే మిషనుకు కోపం వస్తుందని మిషనరీ స్కూల్లో టీచరమ్మ అనేదట. ముందు దారం లేకుండా కాగితం మీద కుట్టింది. గీత తిన్నగా వచ్చింది. తరవాత గుడ్డ. మెడ చుట్టూ పైపింగ్ వేస్తుంటే ఆ పిల్ల వేళ్లకు ఎముకలు లేవేమో అనిపించింది.

ఏసుపాదం టీ తెచ్చాడు. ఇదిగో అమ్మాయ్, మా ఆవిడ ఈ మిషనుకు చేసిన సేవలో పదో వంతు నాకు చేసుంటే నేనూ ఇలాగే మెరిసేవాణ్ణి అన్నాడు. మీకు కూడా బెల్ట్ మార్చాలేమో బావగారూ అంది నవోమి. ఆమె జోక్ వేయడం నేను వినడం ఇదే మొదలు.

23 అక్టోబర్, ఆదివారం

మిషనుకు ప్రతిష్ఠ ప్రార్థన. మనవాళ్లకు కారు కొన్నా, ఫ్రిజ్ కొన్నా ప్రతిష్ఠ జరగాల్సిందే. మేము చర్చి కిందిగదిలో కూడుకుంటాం. పైన తెల్లవాళ్ల చర్చి. ఒకసారి మేము వీసీఆర్ చుట్టూ నిలబడి ప్రార్థిస్తుంటే వాళ్ల పాస్టర్ మెట్ల మీదే ఆగిపోయాడు పాపం.

జోసఫ్ గారు ప్రార్థన నూనె తెచ్చారు. మన ఊరి కన్వెన్షన్ సభల్లో ప్రార్థించి ఇచ్చిన కొబ్బరినూనె సీసా. ఎవరికి జబ్బు చేసినా అదే రాస్తారు. ప్రతి ఆదివారంలాగే హీటర్ మీద పెట్టి ఉంచారు. మామూలుగా వేలితో ఒక చుక్క. ఈ రోజు ఆయన మనసు పొంగింది. రాజును అభిషేకించినట్టు సీసా వంచి మిషను నడుం మీద పోశారు. చాలు అన్నయ్య గారూ అన్నాను. ఆమేన్‌లలో నా మాట కలిసిపోయింది.

పైన కారిందంతా కొంగుతో తుడిచేశాను.

ఆయన్ని ఏమీ అనలేను. మేము దిగిన రోజు ఎయిర్‌పోర్టుకు వచ్చింది ఆయనే. మా ఒంటి మీద తొలి చలికోట్లు ఆయన కొన్నవే.

6 నవంబర్

నవోమి మొదటి జాకెట్లు ఇచ్చొచ్చింది. హంసా బెన్ చంకల దగ్గర కుట్టు పట్టి గట్టిగా లాగిందట. ఊడలేదు. ఏమీ అనలేదట. ఆవిడ ఏమీ అనకపోవడమే మెచ్చుకోవడమని పక్కనున్న అమ్మాయి చెప్పిందట.

24 నవంబర్, థాంక్స్‌గివింగ్

జోసఫ్ గారింట్లో భోజనం. టర్కీకి శాంతి వదిన గరంమసాలా పట్టించింది. అయినా అది చప్పగానే ఉంది, దాని తప్పు కాదు.

ప్రతిష్ఠ అయ్యాక వాళ్ల హాల్లో పెట్టిన మిషను ఇప్పుడు అక్కడ లేదు. చప్పుడుకు పిల్లలకు టీవీ వినబడ్డం లేదని బేస్‌మెంట్‌లోకి దించారు. కిందికి వెళ్లి చూశాను. హీటర్ లేదు. నోట్లోంచి ఆవిరి వస్తోంది. నవోమి శాలువా కప్పుకుని కుడుతోంది. వేళ్లు ఎర్రగా ఉన్నాయి. తొక్కుడు బరువైందంటే చలికి కాళ్లు బిగిశాయనుకున్నాను.

జోసఫ్ గారు నన్ను పక్కకు పిలిచారు. హ్యూస్టన్ నుంచి భర్త ఫోన్ చేస్తున్నాడు చెల్లెమ్మా, పశ్చాత్తాపపడ్డానంటున్నాడు, ఈ గదీ గిదీ అని తొందరపెట్టకండి, ఈస్టర్ దాకా చూద్దాం అన్నారు. మారుమనసుకు ఫలాలుండాలి, ఫోన్‌లో పళ్లేమైనా పంపాడా అన్నాను. నీ నాలుక కత్తి అన్నారు. రెండంచులుంటాయి అన్నయ్య గారూ, ఒకటి నాకు కూడా తగులుతుంది అన్నాను.

ఆయన దుర్మార్గుడు కాదు. శాంతికి డబుల్ షిఫ్టులు. నవోమి వెళ్తే పిల్లల్ని ఎవరు చూస్తారనే భయం ఆయన లోపల ఉంది. ఆ భయానికి ఈస్టర్ అని పేరు పెట్టుకున్నారు.

18 డిసెంబర్, ఆదివారం

మిషను ఆగిపోయింది.

శుక్రవారం రాత్రి నుంచి గడ్డకట్టే చలి. శనివారం నవోమి కూర్చుని తొక్కబోతే కాలు కదల్లేదట. చక్రం పట్టుకుని తిప్పితే సిమెంట్‌లో దిగేసినట్టుందట.

ఈ రోజు ప్రార్థనలో జోసఫ్ గారు లేచి చెప్పేశారు. మనం ప్రతిష్ఠించిన చక్రాన్ని దేవుడే పట్టుకుని ఆపాడు, మన బిడ్డ కాపురం వైపు తిరగాలని ఆయన చిత్తం అన్నారు. ఆమేన్‌లు. నవోమి ముసుగు ఇంకా కిందికి లాక్కుంది.

నేను లేచాను. మిషను ఆగడానికి నూరు కారణాలుంటాయి, చూడనివ్వండి అన్నాను. ఆయన మెత్తగానే అడిగారు. బాగుచేసింది నువ్వే కదా చెల్లెమ్మా, అయితే నీ పనిలో లోపం ఉందంటావా? నా పనిలో లోపం లేదనుకుంటే దేవుడే ఆపాడు. దేవుడు ఆపలేదనుకుంటే లోపం నాది. కూర్చున్నాను. నా అంతట నేనే కూర్చోవడం చూసి ఏసుపాదం భయపడ్డాడు.

హంసా బెన్ పెళ్లి జాకెట్ల గుడ్డ ఇచ్చి ఉంది. న్యూ ఇయర్ తరవాత మొదటి గురువారం షాపు తెరిచేలోపు నవోమి మిషనుతో రాకపోతే ఆ పని, ఆ గది జెర్సీ సిటీలో ఉన్న ఇంకో ఆవిడకు వెళ్లిపోతాయి.

20 డిసెంబర్

మిషను మా ఇంటికి తెచ్చాం. మెట్ల మీద బరువంతా జోసఫ్ గారే పట్టారు, చెల్లెమ్మా నడుం జాగ్రత్త అంటూ. గరాజ్‌లో చోటు లేక వంటింట్లో హీటర్ పక్కన పెట్టాం. రేపు విప్పుతాను. ఈ రోజు ఒళ్లు లేవడం లేదు.

21 డిసెంబర్, ఉదయం 6

చక్రం తిరిగింది!

కాఫీ పెడుతూ ఊరికే ఒక వేలు వేశాను. గిర్రున తిరిగింది. స్క్రూడ్రైవర్ ముట్టలేదు. ఏసుపాదం తలుపు దగ్గరే నిలబడిపోయాడు. రాత్రి ప్రార్థన చేశావా అన్నాడు. లేదు, గుర్రు పెట్టాను అన్నాను. చేశావులే అన్నాడు.

సాయంత్రం

ఏసుపాదం ఒక్కరికే చెప్పాడట. ఆ ఒక్కరూ ఊరంతా చెప్పారు. ఫోన్ ఆగడం లేదు. వాళ్లింట్లో ఆగిన చక్రం నీ ఇంట్లో తిరిగిందట కదా వదినా, నువ్వు నిజంగా దైవజనురాలివి అంటున్నారు. ఆడవాళ్లు ప్రసంగించకూడదని పోయిన ఏడాది సంతకాలు సేకరించినావిడ కూడా ఫోన్ చేసింది. న్యూ ఇయర్ ఆరాధనలో నా సాక్ష్యం పెట్టారట.

తియ్యగా ఉంది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. చాలా తియ్యగా ఉంది.

22 డిసెంబర్

బైబిల్లో గిద్యోను గొర్రెబొచ్చును ఒకసారి తడిపించి, ఒకసారి ఆరబెట్టించి దేవుణ్ణి పరీక్షించాడు. గిద్యోనుకు తప్పు కానిది నాకెందుకు తప్పు?

మిషను తలను ఊడదీసి వెనక పోర్చ్‌లో చలిలో పెట్టాను. మధ్యాహ్నానికి చక్రం బిగుసుకుపోయింది. వంటింట్లోకి తెచ్చాను. అన్నం ఉడికేలోపు తిరిగింది. మళ్లీ పోర్చ్. బిగుసుకుంది.

బిగుసుకున్నప్పుడే అడుగు పలక విప్పాను. ఇరుసుల చుట్టూ, కన్నాల్లో, తెల్లగా మైనం లాంటిది. గోటితో గీసి వాసన చూశాను.

కొబ్బరినూనె.

చలికాలం పొద్దున్నే గడ్డకట్టిన సీసాను అమ్మ ఎండలో పెట్టి, కరిగాక నా తలకు రాసేది. మాలో ఈ సంగతి తెలియని మనిషి లేడు. ప్రతి ఆదివారం జోసఫ్ గారు ఆ సీసాను హీటర్ మీద పెట్టేది మరి దేనికి? అందరం చూస్తూనే ఉన్నాం. సీసాలో గడ్డకడితే నూనె అన్నాం, మిషనులో గడ్డకడితే దేవుడు అన్నాం.

ఏసుపాదానికి చూపించాను. చాలాసేపు వాసన చూశాడు. కడిగెయ్, ఎవరికీ చెప్పకు అన్నాడు. నవోమికి మిషను తిరుగుతుంది, నీకు పేరొస్తుంది, దేవుడికి మహిమ, జోసఫ్ గారి పరువు పోదు, ఇందులో ఎవరికి నష్టం చెప్పు అన్నాడు.

నవోమికే నష్టం అన్నాను. ఈ రోజు చక్రం తిరగడం దేవుడు సరే అనడమైతే, రేపు దారం తెగితే దేవుడు వద్దనడం అవుతుంది. ఆ పిల్ల బతుకంతా సూదిని అడిగి బతకాలి. సూది ఆగినప్పుడల్లా హ్యూస్టన్ వైపు చూడాలి. వద్దు.

అయితే మనం కొత్త చర్చి వెతుక్కోవాలి అన్నాడు. వెతుక్కుందాం అన్నాను. కిరసనాయిలు డబ్బా తెచ్చి నా పక్కన కూర్చున్నాడు. గుడ్డలు చింపి ఇస్తూనే ఉన్నాడు.

25 డిసెంబర్

ఎవరికీ చెప్పలేదు. అందరూ నాకు కేకు పెద్ద ముక్క పెడుతున్నారు.

1 జనవరి 1989, ఆదివారం

పళ్లెంలో వాగ్దానం కార్డులు, ఒక్కోదాని మీద కొత్త ఏడాదికి ఒక బైబిల్ వచనం. తలా ఒకటి తీసుకున్నాం. నాది చదవలేదు, హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకున్నాను. మిషనును ముందు రోజే ఏసుపాదం తెచ్చి ప్రసంగం బల్ల పక్కన పెట్టాడు. దాని మీద ఎవరో పూలదండ వేశారు.

సాక్ష్యం అని నా పేరు పిలిచారు. దండ తీసేశాను. కిరసనాయిలుతో కడిగేముందు గీకి తీసిన తెల్లముద్దను చిన్న సీసాలో వేసి, ఐస్‌లో పెట్టి తెచ్చాను. వాసన చూడమని ముందు వరసకు ఇచ్చాను. సీసా చేతులు మారుతుంటే ఒక్కొక్క ముఖం మారింది. వెనక వరసలో ఒక ముసలాయన, ఇది కొబ్బరినూనె కదర్రా అని పైకే అనేశాడు.

అప్పుడు చెప్పాను. జోసఫ్ అన్నయ్య ప్రేమతో పోశారు. మనం ఆమేన్ అన్నాం. ఆ నూనె లోపలికి దిగింది. బేస్‌మెంట్ చలికి గడ్డకట్టింది. మా వంటింటి వేడికి కరిగింది. అక్కడ దేవుడు కోపపడలేదు, ఇక్కడ నన్ను మెచ్చుకోలేదు. మనిషికి రాయమన్న నూనెను ఇనుముకు పోశాం. ఒక ఆడపిల్ల బతుకును గడ్డకట్టిన నూనె చేతిలో పెట్టి తీర్పు చెప్పమన్నాం. అది అద్భుతమైతే మన వంటగదుల్లో ప్రతి చలికాలం అద్భుతమే!

నా గొంతు పెద్దదైంది. పైన తెల్లవాళ్ల పియానో ఆగింది.

జోసఫ్ గారు లేచారు. అయితే ప్రార్థన నూనెకు శక్తి లేదంటావా అని అడిగారు. ఉంది అన్నయ్య గారూ, లేకపోతే అంత పెద్ద చక్రాన్ని ఎలా ఆపింది అన్నాను. ముసలాయన నవ్వాడు. ఇంకెవరూ నవ్వలేదు. నేను ఆ మాట అనకుండా ఉండాల్సింది. నిజం చెప్పడం వరకే నా పని, గుచ్చడం కాదు.

ఆయన హీటర్ మీది సీసా తీసి కోటు జేబులో పెట్టుకున్నారు. ఈస్టర్ దాకా కరుణమ్మ గారు ప్రసంగం బల్ల దగ్గర నిలబడరు అన్నారు. చెల్లెమ్మా అనలేదు. శాంతి వదిన నా వైపు చూడలేదు. కేకు పెద్ద ముక్కలు పెట్టినవాళ్లు కోట్లు వెతుక్కుంటున్నారు.

నవోమి మాత్రం మిషను దగ్గరికి వచ్చింది. చక్రం మీద ఒక వేలు పెట్టి, తిప్పకుండా తీసేసింది.

3 జనవరి

సాయంత్రం నవోమి ఫోన్. పిల్లలు టీవీ చూస్తున్నారట, గొంతు తగ్గించి మాట్లాడింది. నూనె గడ్డకట్టిందని చెప్పావు సరే కరుణక్కా, గడ్డకట్టించింది దేవుడు కాదని నీకెలా తెలుసు అని అడిగింది.

ఇన్నేళ్ల ప్రసంగాలన్నీ మనసులో తిరగేశాను. ఆయనే గడ్డకట్టించాడనుకో, కిరసనాయిలు చేసింది కూడా ఆయనే కదా అన్నాను.

ఫోన్‌లో చిన్న నవ్వు. వెంటనే ఏడుపు. జోసఫ్ బావగారు నన్ను ఒక్క మాట కూడా అనడం లేదక్కా, నిన్న నా బూట్ల మీద మంచు దులిపి హీటర్ పక్కన పెట్టారు, తిడితే వెళ్లిపోవడం తేలిక అంది. మంచివాళ్ల ఇల్లు వదలడమే కష్టం అన్నాను. ఆలోచిస్తానంది.

రమ్మని నేను అనలేదు. జోసఫ్ గారు దేవుడి పేరుతో ఆపారు, నేను దేవుడి పేరుతో లాగితే తేడా ఏముంది? కుట్టేది ఆమె. తొక్కాల్సింది ఆమె కాలే.

4 జనవరి

ఫోన్ రాలేదు. రేపే హంసా బెన్ చెప్పిన గురువారం. ఏసుపాదం ఏమీ అడక్కుండా, చర్చి నుంచి ఇంటికి తెచ్చిన మిషనును కారెక్కించి దుప్పటి కప్పాడు.

5 జనవరి, గురువారం, ఉదయం 7

ఫోన్. నవోమి. ఈసారి గొంతు తగ్గించలేదు, జోసఫ్ గారి వంటింట్లో నిలబడి అందరూ వింటుండగానే మాట్లాడింది. చెప్పేశాను కరుణక్కా, పెట్టె సర్దుకున్నాను, శాంతక్క ఏడుస్తోంది, బావగారు కోటు వేసుకుంటున్నారు, నన్ను దింపడానికో ఆపడానికో తెలీదు, ఈ ధైర్యం నాకు మధ్యాహ్నం దాకా ఉండదు అంది.

మంచు కురుస్తోంది. ఏసుపాదం కారు స్టార్ట్ చేసి హారన్ కొడుతున్నాడు.

ఇంకా రాస్తూ కూర్చున్నావేంటి కరుణమ్మా? పెన్ను పడేయ్. మంచు ఆగాక కాదు, రేపు కాదు, ఈస్టర్‌కు కాదు. ఈ రోజే. లే, పద!